సమ్మె శిబిరం నుంచి పోలింగ్ బూత్ దాకా

విజయవాడ పశ్చిమ నియోజకవర్గం 1985లో, 1994లో, 2004లో సీపీఐ అభ్యర్థులను శాసనసభకు పంపింది. 2024లో అక్కడ గెలిచింది బీజేపీ. ఆ గెలుపులో తెలుగుదేశం, జనసేన ఓట్ల పాత్రే ఎక్కువ కాబట్టి దాన్ని హిందుత్వ ప్రభంజనం అనుకోనక్కరలేదు. 2019లో రాష్ట్రంలో బీజేపీకి నోటా కంటే తక్కువ ఓట్లు వచ్చాయి. ఆలోచించాల్సిన సంగతి వేరే ఉంది. కంకి కొడవలికి అలవాటు పడిన పేటలకు కమలం గుర్తు ఇప్పుడు పరాయిగా తోచడం లేదు.

1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులకు సీట్లు పదిహేనే దక్కినా ఓట్లు 31 శాతం పడ్డాయి. 1961లో పార్టీ జాతీయ మహాసభ జరిగింది బెజవాడలోనే. 1964లో పార్టీ చీలికకు బాట పడిన సమావేశం జరిగింది తెనాలిలో. 1994లో కూడా ఉమ్మడి రాష్ట్ర శాసనసభలో సీపీఐకి 19 మంది, సీపీఎంకు 15 మంది సభ్యులు ఉండేవారు. 2024లో రెండు పార్టీలకూ కలిపి ఒక్క శాతం ఓట్లు కూడా రాలేదు. 2021లో 64 డివిజన్ల విజయవాడ కార్పొరేషన్‌లో సీపీఎంకు దక్కింది ఒక్కటంటే ఒక్కటే.

కార్మికులు ఎర్రజెండాను వదిలేశారా అంటే అదీ లేదు. 2023 డిసెంబరు 12న అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు మొదలుపెట్టిన సమ్మె 42 రోజులు సాగింది. సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించినా వారు బెదరలేదు. అదే డిసెంబరులో మున్సిపల్ పారిశుద్ధ్య కార్మికులూ చీపుర్లు పక్కన పెట్టారు. శిబిరాల్లో మైకు పట్టింది వామపక్ష సంఘాల నాయకులే, లాఠీలకు ఎదురు నిలిచింది వారే. నాలుగు నెలలకు మే 13న పోలింగ్ జరిగింది. టెంట్ల కింద కూర్చున్న వేలమందిలో వామపక్ష అభ్యర్థికి ఓటేసినవారు చాలా కొద్దిమందేనని ఫలితాలు చెప్పాయి. జీతం పెంచమని అడగడానికి ఆ జెండా కావాలి, ఓటు మాత్రం మరొకరికి. కార్మికుడి లెక్కలో ఇందులో తిరకాసు ఏమీ లేదు. గెలవని పార్టీకి వేస్తే ఓటు వృథా అవుతుందన్నది ఒక కారణం. ఏడాదిలో మిగిలిన పదకొండు నెలలు ఆ పార్టీ మనిషి తన వీధిలో కనిపించడన్నది అంతకన్నా పెద్ద కారణం.

దేశదేశాల్లో జరుగుతున్నదీ ఇదే. ఉత్తర ఫ్రాన్స్‌లో బొగ్గు గనుల పట్టణం ఎనాన్ బోమో దశాబ్దాలపాటు సోషలిస్టుల చేతిలో ఉండేది. మేయర్ అవినీతి కేసులో జైలుపాలయ్యాక తీవ్ర మితవాద లెపెన్ పార్టీ స్థానిక నాయకుడు ఇంటింటికీ తిరిగి, 2014లో తొలి విడతలోనే మేయర్ పీఠం గెలుచుకున్నాడు. ఇంగ్లండ్‌లో లేబర్ పార్టీ చేతిలో ఉన్న గని కార్మికుల నియోజకవర్గం బోల్సోవర్ 2019లో తొలిసారి కన్జర్వేటివ్‌లకు దక్కింది. జర్మనీలో నిరుద్యోగ భృతికి కోత పెట్టిన హార్ట్జ్ సంస్కరణలు తెచ్చింది సోషల్ డెమోక్రాట్లే. 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో ఆ పార్టీకి 16.4 శాతం ఓట్లు వస్తే, వలసలను వ్యతిరేకించే మితవాద పార్టీ ఏఎఫ్‌డీకి 20.8 శాతం వచ్చాయి. వలస వచ్చినవారి వల్లే ఈ మొగ్గు అనేది సగం సమాధానమే. తమ పార్టీయే తమ మీద కత్తి పెట్టిందన్న కోపం లోపల రగులుతుంటేనే పొరుగువాడి మీదికి వేలు చూపించే మాట చెవికెక్కుతుంది.

పశ్చిమ బెంగాల్ సంగతి ఇంకా దగ్గరిది. 2007 మార్చిలో నందిగ్రామ్‌లో రైతుల మీద కాల్పులు జరిపింది వామపక్ష ప్రభుత్వ పోలీసులే. 2014లో 30 శాతం దాకా ఉన్న వామపక్షాల ఓటు 2019 లోక్‌సభ ఎన్నికల నాటికి ఏడెనిమిది శాతానికి జారింది. బీజేపీ 17 నుంచి 40 శాతానికి ఎగబాకింది. అధికారంలోకి వచ్చిన తృణమూల్ దెబ్బలు తట్టుకోలేని కింది కార్యకర్తలే ‘ముందు రాముడు, తరువాత వామం’ అంటూ అటు నడిచారు. తమను కాపాడే బలం సొంత పార్టీకి లేదని వారు తేల్చుకున్నారు.

మన దగ్గర ఆ ఊపు ఇంకా రాలేదు. నేల మాత్రం దున్ని ఉంది. 2019లో సీపీఐ, సీపీఎంలతో కలిసి పోటీచేసిన జనసేన అధినేత, 2024 సెప్టెంబరులో లడ్డూ వివాదం వేళ ప్రాయశ్చిత్త దీక్ష పట్టి ఇంద్రకీలాద్రి మెట్లు కడిగారు. 2025 జనవరిలో గన్నవరం దగ్గర కేసరపల్లిలో విశ్వహిందూ పరిషత్ హైందవ శంఖారావం సభ జరిపింది. పేటల్లో యువకులు ఏడాది పొడవునా కలుసుకునే చోటు ఇప్పుడు ఉత్సవ కమిటీయే, కుల సంఘమే. ఒకప్పుడు ఆ వయసువారికి పార్టీ ఆఫీసు, గ్రంథాలయం, నాటక దళం ఉండేవి.

వామపక్షాలకు అన్నిటికన్నా పనికొచ్చే విషయం ఇక్కడే ఉందని మేం నమ్ముతున్నాం. ఆటోనగర్ షెడ్లలో, ప్రైవేటు ఆసుపత్రుల్లో, షాపింగ్ మాల్స్‌లో, సెక్యూరిటీ ఏజెన్సీల్లో పనిచేసేవారికి సమ్మె చేసే వీలే లేదు. వారి నష్టమంతా కాగితాల మీద జరిగిపోతుంది. కార్మికుల ఆరోగ్య బీమా ఈఎస్ఐ సంగతి చూడండి. నెలకు 21 వేల రూపాయల దాకా జీతం ఉన్నవారి నుంచి 0.75 శాతం కోస్తారు, యజమాని 3.25 శాతం కడతాడు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఉన్న ఆరు నెలల్లో 78 రోజులకు చందా పడితేనే, మరుసటి జనవరి నుంచి జూన్ దాకా జబ్బు చేసినప్పుడు 70 శాతం వేతనం అందుతుంది. నెలకు 26 రోజులు పనిచేయించుకున్న కాంట్రాక్టర్ రికార్డులో 12 రోజులే చూపిస్తే ఆరు నెలలకు 72 అవుతుంది. ఆరు రోజుల తేడాతో హక్కు ఎగిరిపోతుంది. మంచాన పడి గుణదల ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్లాక గానీ ఆ మనిషికి ఈ సంగతి తెలియదు.

పీఎఫ్‌లో మరో చిక్కు. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా కొత్త ఖాతా పుడుతుంది. పాతవాడు పని మానిన తేదీ నమోదు చేయడు. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, పీఎఫ్ ఖాతాలో చివర ఉంటుంది. పేర్లు కలవక బదిలీ ఆగిపోతుంది. విసిగిపోయి ఫారం 10సీ పెట్టి పింఛను సొమ్ము కూడా తీసేసుకుంటే అప్పటిదాకా చేసిన సర్వీసు సున్నా అవుతుంది. పింఛనుకు పదేళ్లు కావాలి. చివరి చందా పడి రెండు నెలలు దాటితే పని మానిన తేదీని కార్మికుడే ఆధార్ ఓటీపీతో నమోదు చేసుకోవచ్చు. ఈ ఒక్క మాట చెప్పి, ఫోన్‌లో చేసి చూపించే మనిషి పేటకు ఒకరున్నా ఎన్నో ఇళ్లకు వృద్ధాప్యంలో ఆసరా మిగులుతుంది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో చేరాలంటే ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు రుజువు కావాలి. రోజుకో మేస్త్రీ దగ్గర పనిచేసే అడ్డా కూలీకి సంతకం పెట్టేదెవరు? ఆ సంతకం తెచ్చిపెట్టగలిగింది సంఘమే.

2025 నవంబరు 21 నుంచి కేంద్రం తెచ్చిన కొత్త కార్మిక చట్టాలు, లేబర్ కోడ్‌లు, అమల్లోకి వచ్చాక ఈ పని మరింత అవసరమైంది. ఏ సంస్థలోనైనా సమ్మెకు ముందు 14 రోజుల నోటీసు ఇవ్వాలి. 300 మంది లోపు ఉన్నచోట తొలగింపులకు ప్రభుత్వ అనుమతి అక్కరలేదు. కాంట్రాక్టు కార్మిక నిబంధనలు కనీసం 50 మంది ఉంటేనే వర్తిస్తాయి, ఇదివరకు కేంద్ర చట్టంలో ఆ పరిమితి 20. ఒక్క కాంట్రాక్టును మూడు ముక్కలు చేస్తే చాలు, అడిగేవారుండరు. సమ్మె ఒక్కటే చేతనైన సంఘానికి ఇక చేతులు కట్టేసినట్టే.

నాయకత్వం మాటా దాచనక్కరలేదు. పారిశుద్ధ్య కార్మికుల్లో అత్యధికులు దళితులు. 1964లో పుట్టిన సీపీఎం పొలిట్‌బ్యూరోలోకి తొలి దళితుడు వచ్చింది 2022లో. జెండా మోసినవాడికి వేదిక మీద కుర్చీ వేయడానికి 58 ఏళ్లు పట్టిందంటే, కుల సంఘంలో గౌరవం వెతుక్కున్నవాడిని చైతన్యం లేనివాడని తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు. మతం పేరుతో పోటీపడి మెట్లు కడగడమూ పరిష్కారం కాదు. ఆ పని అవతలివారికి ఇంతకన్నా బాగా వచ్చు.

విజయవాడ హనుమాన్‌పేట నుంచి గుంటూరు బ్రాడీపేట దాకా వామపక్షాలకు ఇంకా సొంత భవనాలున్నాయి, చట్టం తెలిసిన పాతతరం సంఘ నాయకులున్నారు. డివిజన్‌కు ఒక బల్ల, ఒక కంప్యూటర్, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా కూర్చునే ఇద్దరు మనుషులు ఉంటే ఈ కాగితాల పని మొదలవుతుంది. ఆ ఇద్దరూ అదే డివిజన్‌లో కాపురముండేవారై ఉండాలి. వారిలో ఒకరు మహిళ అయి ఉండాలి. వచ్చినవారి సంఘం ఏదని అడగకూడదు, మతం ఏదని అసలే అడగకూడదు. డివిజన్ టికెట్ కూడా ఆ బల్ల దగ్గర కూర్చున్నవారికే ఇవ్వాలి.