వోకల్ చాప్ అంటే బటన్ నొక్కడమేనా? ఆ ఫార్వర్డ్‌కి నా జవాబు

వైజాగ్‌లో బీట్లు, పాటలు చేసుకునేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒకటే మెసేజ్ తిరుగుతోంది. కింద పేరు లేదు. ఎంవీపీ కాలనీలో కీబోర్డు నేర్పే మాస్టార్ల దగ్గర నుంచి గాజువాకలో ఇంట్లోనే ట్రాకులు చేసుకునే ఇంటర్ పిల్లల దాకా అందరికీ చేరిపోయింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: వోకల్ చాప్స్ వాడేవాళ్లు సంగీతకారులే కారు, పనంతా సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది, పిచ్ (స్వరం ఎత్తు) మారిస్తే ఏ గొంతైనా ఉడుత గొంతైపోతుంది, ఇది నిన్నగాక మొన్న ల్యాప్‌టాప్‌లతో వచ్చిన ఫ్యాషన్, గమకం (స్వరాన్ని ఊపి పాడడం) ఉన్న మన పాటకి అసలు పనికిరాదు, ఏడు సెకన్లలోపు ముక్కైతే చట్టం ఏమీ చేయలేదన్న ధైర్యంతో దొంగతనం చేస్తున్నారు, ఆఖరికి గాయకుల పొట్ట కొడుతున్నారు.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. పాడిన లైన్‌ని అక్షరాలుగా, ఒక్కోసారి అక్షరంలో సగానికి కూడా కోసి, ఆ ముక్కల్ని వేరే వేరే స్వరాలకి జరిపి, కొత్త వరుసలో పేర్చి వాయిద్యంలా వాయించడాన్ని వోకల్ చాప్ అంటాం. డాన్స్ ట్రాకుల్లో డ్రాప్ (బీట్ పూర్తి బలంతో దిగే చోటు) రాగానే మాట అర్థం కాకుండా గొంతు మాత్రం ఎగిరెగిరి పడుతుంటుంది చూడండి, అదే.

ఈ మెసేజ్ చదివి, మంచి చెవి ఉన్న ఒక కుర్రాడు సగం చేసిన ట్రాక్ పక్కన పడేశాడు. నాకు బాధనిపించింది. అందుకే ఒక్కో మాటా తీసుకుని రాస్తున్నాను.

"సాఫ్ట్‌వేరే చేసేస్తుంది"

కోయడం వరకు నిజమే. ట్రాకులు చేసే సాఫ్ట్‌వేర్ ఎఫ్ఎల్ స్టూడియోలో స్లైసెక్స్‌లో వేసినా, అలాంటిదే అయిన ఏబుల్టన్ లైవ్‌లో సింప్లర్‌ని స్లైస్ మోడ్‌లో పెట్టినా, శబ్దం ఒక్కసారిగా లేచిన చోటల్లా గీత గీసి ముక్కల్ని కీల మీద పరిచేస్తుంది. ఇప్పుడు ఆ ముక్కల్ని ఉన్నవి ఉన్నట్టు గ్రిడ్ (బీట్ల గీతలు) మీద పెట్టి వినండి. గొంతు బీట్‌కి వెనకబడి ఈడ్చుకుంటూ నడుస్తున్నట్టుంటుంది. ఎందుకంటే "సా" అని పాడితే ముందు "స్" అనే గాలి శబ్దం వస్తుంది, ఆ తర్వాత అచ్చు మొదలవుతుంది, మన చెవికి దెబ్బ పడినట్టు అనిపించేది ఆ అచ్చు మొదలయ్యే చోటు దగ్గర. సాఫ్ట్‌వేర్ గీత గీసేదేమో "స్" మొదట్లో. 128 బీపీఎం (నిమిషానికి 128 బీట్లు) ట్రాక్‌లో పదహారో వంతు నోటు (బీట్‌లో నాలుగో వంతు) నిడివి సుమారు 117 మిల్లీసెకన్లు, అందులో చాలా భాగం ఆ "స్" ఒక్కటే తినేయగలదు. కాబట్టి ముక్కని గ్రిడ్ కన్నా ముందే మొదలుపెట్టాలి, ఎంత ముందన్నది హల్లుని బట్టి మారుతుంది: "స", "శ"లకి బాగా ముందు, "ప", "ట"లకి కొంచెం, ఉత్త అచ్చుకైతే దాదాపు అక్కర్లేదు. ఈ జరుపుడు ఏ బటనూ చేసిపెట్టదు, ఒక్కో ముక్కా విని చేతితో చేయాల్సిందే.

తర్వాత అంచులు. తరంగం మధ్యలో కోస్తే "టిక్" అని వినిపిస్తుంది, అందుకే తరంగం సున్నా దాటే చోట కోసి, మూడు నాలుగు మిల్లీసెకన్ల ఫేడ్ ఇవ్వాలి. హల్లు ఉన్న ముక్కకి ముందువైపు ఫేడ్ కాస్త ఎక్కువైనా ఆ హల్లు అరిగిపోయి "ప" కాస్తా "అ" అయిపోతుంది. ఊపిరి ఉంచాలా తీసేయాలా అన్నది ఇంకో నిర్ణయం, నేనైతే ఒకటి రెండు చోట్ల ఉంచుతాను, ఊపిరి పూర్తిగా తీసేసిన గొంతు నాకు బొమ్మ గొంతులా అనిపిస్తుంది. ఇవన్నీ అయ్యాక అసలు పని మొదలవుతుంది: ఏ ముక్క తర్వాత ఏ ముక్క, కింద కార్డ్ మారినప్పుడు పైన ఏ స్వరం నిలవాలి, ఎక్కడ ఖాళీ వదలాలి. అవే ఎనిమిది ముక్కలు ఇద్దరి చేతిలో పెడితే రెండు వేరే పాటలు వస్తాయి. వరుస కట్టడం అంటే ఇదే కదా?

"పిచ్ మారిస్తే ఉడుత గొంతే"

టేపు వేగం పెంచినట్టు పెంచితే అవును, వస్తుంది. కీబోర్డు మీద పక్కపక్క కీల మధ్య దూరమైన ఒక్కో సెమీటోన్‌కి వేగం సుమారు 6 శాతం పెరుగుతుంది, పన్నెండు సెమీటోన్లకి రెట్టింపవుతుంది. అప్పుడు స్వరంతో పాటు గొంతు, నోరు కలిసి ఇచ్చే ప్రతిధ్వనులు, వాటినే ఫార్మెంట్లు అంటాం, అవి కూడా పైకి జరిగిపోతాయి, పాడిన మనిషి శరీరమే చిన్నదైపోయినట్టు చెవికి తోస్తుంది. 1958లో అమెరికాలో రాస్ బాగ్దసారియన్ ఇదే పద్ధతిలో, కావాలనే, చిప్‌మంకుల (ఉడుత జాతి జంతువుల) గొంతులు సృష్టించి హిట్ కొట్టాడు.

కానీ స్వరాన్ని జరిపి ఫార్మెంట్లని ఉన్నచోటే ఉంచే దారి ఎప్పుడో వచ్చింది. ఏబుల్టన్‌లో కాంప్లెక్స్ ప్రో మోడ్‌కి ఫార్మెంట్ల నాబ్ విడిగా ఉంటుంది, గొంతు స్వరాలు సరిచేసే సాఫ్ట్‌వేర్ మెలొడైన్‌లో దానికి ప్రత్యేక టూలే ఉంది. రెండు మూడు సెమీటోన్ల వరకు సాధారణ శ్రోత పట్టుకోవడం కష్టం. ఏడు దాటితే ఎఫెక్ట్ అని తెలిసిపోతుంది, ఆ తెలియడం ట్రాక్‌కి కావాలా వద్దా అన్నది చేసేవాళ్ల ఇష్టం. అంత దూరం జరిపే పని పడుతుందని ముందే తెలిస్తే అదే లైన్‌ని గాయని చేత రెండు మూడు శ్రుతుల్లో పాడించుకోండి, అప్పుడు ఏ ముక్కనీ దూరం లాగక్కర్లేదు. ఉడుత గొంతు వచ్చిందంటే ఎవరో దాన్ని కోరుకున్నారు, లేదా సరిగ్గా వినలేదు. రెండోదైతే తప్పు మనిషిది, పద్ధతిది కాదు.

"నిన్నగాక మొన్న వచ్చిన ఫ్యాషన్"

పారిస్‌లో పియర్ షేఫర్ రికార్డు చేసిన శబ్దాలతో రచనలు చేసింది 1948లో. కొలోన్‌లో స్టాక్‌హౌసెన్ ఒక బాలుడి గొంతుని టేపు మీద కోసి ఎలక్ట్రానిక్ శబ్దాలతో కలిపిన రచన 1956లో వినిపించాడు. 1965లో స్టీవ్ రైక్ ఒక వీధి బోధకుడి మాటని రెండు టేపుల మీద తిప్పి మొత్తం రచన నిలబెట్టాడు. ఫెయిర్‌లైట్ శాంప్లర్ 1979లో ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. 90ల్లో న్యూజెర్సీలో టాడ్ ఎడ్వర్డ్స్ గొంతుల్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి లండన్ గరాజ్ సంగీతానికే దారి చూపించాడు. ఈ పాయింట్ మీద ఇంతకన్నా రాయక్కర్లేదు.

"గమకం ఉన్న మన పాటకి పనికిరాదు"

ఈ మాట అన్నవాళ్ల మీద నాకు గౌరవం ఉంది, ఎందుకంటే దీని వెనకాల సంగీతం మీద ప్రేమ ఉంది. తోడి రాగంలో గాంధారాన్ని (గ స్వరాన్ని) కోసి ఆటో పిచ్ పెట్టి ఒక కీ మీద నిలబెడితే ఆ గాంధారం చచ్చిపోతుంది, అది ఊగితేనే గాంధారం. ఇంతవరకు వాళ్లు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. అయితే పరిష్కారం కోయడం మానేయడం కాదు, ఎక్కడ కోయాలో తెలుసుకోవడం. షడ్జం (స), పంచమం (ప) కదలని స్వరాలు, అక్కడ ధైర్యంగా కోయొచ్చు. ఊగే స్వరాన్ని మాత్రం బయల్దేరిన చోటు నుంచి వాలిన చోటు దాకా ఒకే ముక్కగా ఉంచాలి, పిచ్ కరెక్షన్ ఆపేయాలి. మొత్తం ముక్కని ఒకే కొలతతో పైకో కిందికో జరిపితే లోపలి ఊపు ఆకారం చెడదు.

ఒక లెక్క చూడండి. మన గాయనులు చాలామంది పాడే ఐదున్నర శ్రుతి అంటే షడ్జం జీ షార్ప్. ఆ శ్రుతిలో మోహన రాగం పాడితే స్వరాలు జీ షార్ప్, ఏ షార్ప్, సీ, డీ షార్ప్, ఎఫ్. మీ ట్రాక్ ఎఫ్ మైనర్‌లో ఉందనుకోండి, ఒక్క సెమీటోన్ కూడా జరపకుండా ఆ ముక్కలు దాని మీద కూర్చుంటాయి, పైగా కింద బేస్ ఎఫ్ మోగుతుంటే చెవి దాన్నే షడ్జంగా తీసుకుంటుంది కాబట్టి మోహన ముక్కలు శుద్ధ ధన్యాసి రాగంలా వినిపిస్తాయి. గ్రహభేదం అని మన పెద్దలు వేదిక మీద చేసి చూపించేది ఇదే. ట్రాక్ జీ మైనర్ అయితే రెండు సెమీటోన్లు పైకి జరపాలి. అప్పుడు టేపు పద్ధతిలో జరిపితే గమకం కూడా సుమారు 12 శాతం వేగంగా ఊగుతుంది, రాగం తెలిసినవాళ్లకి అది వెంటనే గుచ్చుకుంటుంది, కాబట్టి నిడివి మారని మోడ్ ఎంచుకోవాలి. చూశారుగా, రాగం తెలిసినవాళ్లకి ఈ పనిలో ఎంత లాభం ఉందో!

తెలుగు మాట సంగతి కూడా చెప్పాలి. మన మాటల్లో చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, అంటే ముక్క చివర సాగదీయడానికి దాదాపు ఎప్పుడూ ఒక అచ్చు మిగిలే ఉంటుంది. "చెప్పు" అన్నప్పుడు రెండు పకారాల మధ్య పెదాలు మూసుకుని ఒక్క క్షణం నిశ్శబ్దం వస్తుంది, ఆ ఖాళీలో కిక్ (డ్రమ్ దెబ్బ) పెడితే ఎవరూ నేర్పకుండానే లయ పుడుతుంది. మన గ్రూపుల్లో ఇంగ్లిష్ వోకల్ ప్యాకులు కొనుక్కుని వాడేవాళ్లు ఒకసారి ఉత్తరాంధ్ర జానపదం పాడేవాళ్ల ఒత్తక్షరాల్ని కోసి చూడండి.

మన సంగీతం ఈ పద్ధతికి ఇమడదనేవాళ్లకి వైజాగ్ వాళ్లుగా మనం ఒకటి గుర్తు చేయొచ్చు. ఈ విశాఖ తీరంలో తీసిన మరో చరిత్ర 1978లో వచ్చింది, దాన్నే బాలచందర్ 1981లో ఏక్ దూజే కే లియేగా హిందీలో తీశాడు. ఆ సినిమాలో లత, బాలు పాడిన పాటలోని వయొలిన్ల ముక్కని కోసి, పేర్చి బ్రిట్నీ స్పియర్స్ టాక్సిక్ పాట కట్టారు, అది 2005లో గ్రామీ గెలిచింది. అక్కడ కోసింది గొంతుని కాదు, తీగల్ని. పద్ధతి మాత్రం ఇదే.

"ఏడు సెకన్లలోపు చట్టం పట్టుకోదు"

ఇది పచ్చి అబద్ధం, ప్రమాదకరమైన అబద్ధం, ఎందుకంటే చాప్స్‌ని తిట్టేవాళ్లూ చేసేవాళ్లూ ఇద్దరూ దీన్ని నమ్ముతున్నారు. మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 14 ప్రకారం ఒక రికార్డింగ్‌ని ఇంకో రికార్డింగ్‌లో కలిపే హక్కు దాని యజమానిది. మినహాయింపులు చెప్పే సెక్షన్ 52లో సెకన్ల లెక్క ఎక్కడా లేదు. అమెరికాలో 2005లో ఒక అప్పీలు కోర్టు రెండు సెకన్ల గిటార్ ముక్క విషయంలో, దాని పిచ్ తగ్గించి లూప్ చేసినా సరే, లైసెన్స్ తీసుకోండి లేదా శాంపిల్ చేయకండి అంది. 2016లో ఇంకో అప్పీలు కోర్టు 0.23 సెకన్ల ముక్కని పట్టించుకోనక్కర్లేదంది. అంటే అక్కడి కోర్టులకే ఏకాభిప్రాయం లేదు, కానీ రెండూ ఏడు సెకన్ల గీత గీయలేదు. లత పాడిన పాటని వాడుకుని 2002లో వచ్చిన ఒక అమెరికన్ పాట అమ్మకాల్ని, బప్పీ లహరి పేరు వేసేదాకా ఆపమని మరుసటి ఏడు అక్కడి కోర్టు ఆదేశించింది.

మరి ఏం చేయాలి? త్యాగరాజ కీర్తన మీద కాపీరైట్ లేదు, కానీ దాన్ని నిరుడు ఎవరో పాడిన రికార్డింగ్ మీద ఉంది. కాబట్టి కీర్తన తీసుకోండి, రికార్డింగ్ మీరు చేసుకోండి. మన ఊళ్లో పాడేవాళ్లకి కొదవ లేదు. ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, గది మూలల్లో పరుపులు నిలబెట్టి చేసినా చాప్స్‌కి సరిపోయే గొంతు దొరుకుతుంది, ఎందుకంటే మనకి కావాల్సింది శుభ్రమైన అక్షరాలే.

"గాయకుల పొట్ట కొడుతున్నారు"

అడక్కుండా లాక్కుంటే కొడుతున్నట్టే, ఇందులో నాకు రెండో మాట లేదు. పాట దింపుకుని గొంతు విడగొట్టే సాఫ్ట్‌వేర్‌లో వేసి వాడేవాళ్లని నేను సమర్థించను. కానీ గాయనిని పిలిచి, డబ్బిచ్చి, రెండు గంటలు పాడించుకుని కోసుకుంటే అది ఆమెకి పని, వేదిక కచేరీలు దొరకని నెలల్లో కూడా దొరికే పని. మాట ముందే రాసుకోండి: ఎంత ఇస్తున్నారు, పేరు ఎక్కడ వేస్తారు, పిచ్ మార్చి ముక్కలు చేస్తామని ఆమెకి చెప్పారా, అదే రికార్డింగ్ రెండో ట్రాక్‌లో వాడాలంటే మళ్లీ అడగాలా. 2012 సవరణ తర్వాత మన చట్టంలో ప్రదర్శించినవాళ్లకి తమ పేరు వేయించుకునే హక్కు, పరువుకి నష్టం తెచ్చేలా వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పే హక్కు విడిగా ఉన్నాయి. ట్రాక్ బయటపెట్టే ముందు ఒకసారి ఆమెకి వినిపించండి, ఏదైనా ముక్క తీసేయమంటే తీసేయండి.