మహారాజశ్రీ గోడ యాంకర్ గారి సముఖానికి

తిరుపతి నుంచి ఒక పడమటి గోడ యజమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మా క్షేమం మీ పట్టులో ఉంది కనుక ముందుగా మీ క్షేమమే అడగాలి.

మా ఊళ్ళో ఎవరి చేతిలో ఉత్తరం కనిపించినా దర్శనానికి సిఫారసు లేఖ అనుకుంటారు. ఇది అది కాదు. మొన్న మిమ్మల్ని లాగి చూశాక, మీ గురించి సిఫారసు చేసే ధైర్యం నాకు లేదు.

మీ పేరు మొదటిసారి విన్నప్పుడు మా అమ్మ "యాంకరా? ఏ చానల్?" అని అడిగింది. తీరా చూస్తే 60 మిల్లీమీటర్ల వెడల్పున్న చిల్లుల బిళ్ళ తల, దాని కింద ప్లాస్టిక్ గొట్టం, మధ్యలో మేకు. మేకు దిగితే గొట్టం కొన విచ్చుకుని గోడను పట్టుకోవాలి. మీ మీద మేము పెట్టుకున్న నమ్మకమంతా ఆ "పట్టుకోవాలి" అన్న మాటలోనే ఉంది.

మీ అవసరం ఎందుకు వచ్చిందంటే, వేసవిలో మా పడమటి గోడ మధ్యాహ్నమంతా ఎండను తాగి, రాత్రి పదకొండింటికి తీరికగా మా మంచాల మీదికి వదులుతుంది. అందుకని గోడకు బయటివైపు థర్మోకోల్ పలకలు జిగురుతో అంటించి, మీతో బిగించి, పైన వలలాంటి జాలీ పరిచి పూత పూయాలన్నారు. గాలి గోడను నెడుతుందనే అందరి భయం. నెట్టే గాలితో మీకు పనిలేదు, దాన్ని గోడే భరిస్తుంది. ఇంటిని చుట్టుకుపోయే గాలి మాత్రం పలకను బయటికి పీలుస్తుంది, మూలల దగ్గర మరీ గట్టిగా. దానికి ఎదురు నిలవడమే మీ ఉద్యోగం.

మీ బలం ఎంత అని కాంట్రాక్టరును అడిగాను. ఆయన ఒక బిళ్ళను రెండు వేళ్ళతో పట్టుకుని ఊపి, "ఏనుగు లాగినా రాదు సార్" అన్నాడు. ఏనుగును ఎప్పుడు తెస్తారని అడిగితే నొచ్చుకుని, కాణిపాకంలో ప్రమాణం చేయమన్నా చేస్తానన్నాడు. వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధమాడితే ఏమవుతుందో చిత్తూరు జిల్లాలో పుట్టినవాడికి చెప్పనక్కరలేదు, కనుక ఆయన నిజాయితీని శంకించను. కానీ ప్రమాణం కట్టేది మనిషిని. రంధ్రంలో మిగిలిపోయిన దుమ్మును కాదు కదా!

మా మేనకోడలు సివిల్ ఇంజనీరు. "మామయ్యా, లాగి చూస్తే పోయేదానికి ప్రమాణాలెందుకు?" అంటూ ఒక పరికరం తెచ్చింది. చిన్న ముక్కాలి పీటలాంటిది. కాళ్ళు మీకు దూరంగా గోడకు ఆనతాయి, పిడి తిప్పుతుంటే మధ్యలోని కొక్కెం మిమ్మల్ని లాగుతుంది, ముల్లు లెక్క చెబుతుంది. ఒక్క గుంజు గుంజకూడదట. మీరు ఊడిపోయే దాకా దాదాపు నిమిషం పట్టేలా మెల్లగా బలం పెంచాలి.

కాంట్రాక్టరు చనువుగా మమ్మల్ని ఒక చోటికి తీసుకెళ్ళి మూడు యాంకర్లు చూపించాడు. మూడింటికీ ముల్లు 150 కిలోలు దాటింది. ఆయన ముఖం వెలిగింది. మేనకోడలు మాత్రం గోడను వేలితో తట్టి, "ఇది బీము మామయ్యా. బీము కాని గోడ ఎక్కడ?" అంది. బీము కాని గోడ అంటే మిగిలిన ఇల్లంతా. అది లోపల బోలుగా ఉండే సిమెంటు దిమ్మెలతో కట్టినది.

అసలు పరీక్ష అక్కడ మొదలైంది. యూరప్ నిబంధనల ప్రకారం గోడ మీద కనీసం 15 యాంకర్లు లాగాలి. వాటిలో అన్నిటికంటే తక్కువ వచ్చిన ఐదింటి సగటు తీసి, దాన్ని 0.6తో గుణించాలి. మా ఊరి కాలేజీలు ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలతో ఆకాశమంత హోర్డింగులు పెడతాయి. మీ పరీక్షలో హోర్డింగెక్కేది చివరి బెంచీ ఐదుగురే! మొదటి ర్యాంకు వాడు ఎంత తెచ్చుకున్నా వాడి ఊసే లేదు. ఇంత న్యాయమైన పరీక్ష నేను మరెక్కడా చూడలేదు.

మీ చివరి బెంచీ మార్కులు: 30, 40, 40, 45, 45 కిలోలు. సగటు 40. గుణిస్తే 24. ఆ 24లోనూ భద్రత కోసం సగమే లెక్కలోకి తీసుకోవాలట. ఏనుగు లాగినా రాని మీ విలువ చివరికి 12 కిలోల దగ్గర, అంటే సగం బియ్యం బస్తా దగ్గర ఆగింది. బీములోని మూడింటినీ కలిపి మొత్తం సగటు తీద్దామని కాంట్రాక్టరు బతిమాలాడు. మేనకోడలు వినలేదు.

మిమ్మల్ని మరీ నిందించలేను. డబ్బా మీద అచ్చువేసిన అంకె మీరు కాంక్రీటులో సంపాదించుకున్నది. మా వాళ్ళు డ్రిల్లింగ్ మిషన్‌ను సుత్తి దెబ్బల మీద పెట్టి పలుచని దిమ్మె గోడలను లోపలే పగలగొట్టారు. దిమ్మెలో ఆ దెబ్బలు ఆపి, ఉత్తి తిప్పుడుతోనే రంధ్రం చేయాలి. మీ పొడవులో అంగుళం గోడకు ముందునుంచీ ఉన్న పూతలోనే పోయింది, పూతలో దిగినది లోతు కింద లెక్కకు రాదు. ఇక చవకగా వస్తాయని ఆ దిమ్మెలు ఎంచుకున్నవాడు ఈ ఉత్తరం రాస్తున్నవాడే. ఈ సంగతి మేనకోడలికి చెప్పవద్దని మనవి.

బోలు దిమ్మెలకు సరిపడే పొడవాటి మీ దాయాదులకు కబురు పెట్టాం. వాళ్ళనూ పదిహేనుమందిని లాగుతాం. ఈశాన్య రుతుపవనాలు వచ్చేలోగా పని ముగియాలి.

ఊడివచ్చిన మీవాళ్ళను మా అమ్మ పారేయనివ్వలేదు. ఒకరిని హాల్లో స్వామివారి క్యాలెండరుకు పెట్టింది. ఇంతవరకు ఊడలేదు.

ఇట్లు,
పదహారో రంధ్రం దగ్గర నిలబడి ఉన్న
ఇంటి యజమాని