ఆదివారం చెత్తను కాపాడుకుందాం

సుస్థిరత అంటే ఏమిటండీ అని ఈమధ్య ఓ కుర్రాడు నన్నడిగాడు. పర్యావరణ సేవలో అనుభవం ఉన్నవాణ్ణి, పైగా మా పట్నం కాలవ శుభ్రత కమిటీకి సంయుక్త కార్యదర్శిని. తడుముకోకుండా చెప్పాను. ఈ ఆదివారం ఎక్కడ చెత్త ఏరామో, వచ్చే ఆదివారం అక్కడే, అంతే చెత్త దొరకాలి. అదే సుస్థిరత. కుర్రాడు నవ్వాడు. కమిటీకి కొత్తలెండి.

నవ్వే విషయం కాదు. కొన్నేళ్ళుగా ప్రతి ఆదివారం పొద్దున్న ఆరున్నరకి లాకుల పక్కన, వంతెన దిగగానే ఉన్న ఇరవై గజాల గట్టు మీద మేం చెత్త ఏరుతున్నాం. ఒక్క వారం కూడా కొరత రాలేదు. విజ్జేశ్వరం దగ్గర గోదావరి నుంచి పడమటి కాలవకి వదిలిన నీళ్ళు శివారు భూములకి అందట్లేదని రైతులు ఏటా గోల పెడుతూనే ఉంటారు. చెత్త అందలేదని ఏ శివారు రైతూ ఇంతవరకూ ధర్నా చేయలేదు. దానికి వంతులవారీ లేదు, తూము ఎత్తేవాడు అక్కర్లేదు, అర్జీ అక్కర్లేదు. ఠంచనుగా వచ్చేస్తుంది. డెల్టాలో ఆఖరి ఎకరం దాకా సక్రమంగా పారుతున్నది ప్రస్తుతానికి అదొక్కటే.

ఆ ఇరవై గజాలే ఎందుకని కొందరు అడుగుతారు. అక్కడ పొద్దుటి వెలుతురు ముఖాల మీద పడుతుంది, వెనకాల కొబ్బరిచెట్లు వస్తాయి. వంద గజాలు ఎగువన, చేపల మార్కెట్ వెనక, దీనికి పదింతల చెత్త ఉందన్న మాట నిజమే. కానీ అక్కడ కంపు. కంపు ఫొటోలో పడదు గానీ, కంపు పీల్చే ముఖాలు ఫొటోలో పడతాయి.

కార్యక్రమం ఇలా ఉంటుంది. ఆరున్నర అంటే ఏడింటికి అందరూ చేరతారు. ఫ్లెక్సీ కట్టడానికి ఇరవై నిమిషాలు, ఎవరి పక్కన ఎవరు నిలబడాలో తేలడానికి ఇంకో ఇరవై. ఏరడం ఏడెనిమిది నిమిషాల్లో అయిపోతుంది, అలవాటైన చేతులు కదా. ఆ తరవాత టిఫిను. పెసరట్టు ఉప్మా, అల్లం పచ్చడి, మనిషికో మినరల్ వాటర్ సీసా. కాలవ గట్టు మీద నిలబడి కాలవ నీళ్ళు తాగలేం కదా! మా నాన్న తాగాడు. అమ్మ బిందెతో ముంచుకొచ్చి, ఇండుపగింజ అరగదీసి కలిపి, తేరాక గుడ్డలో వడకడితే ఇంటిల్లిపాదీ అవే తాగేవాళ్ళం. ఆ రోజుల్లో జనానికి పర్యావరణ స్పృహ ఉండేది కాదు. కమిటీలూ లేవు. అందుకని నీళ్ళు తాగేసేవారు.

ఓసారి ఊరికే లెక్క కట్టాను. ఆ ఆదివారం మూడు బస్తాల చెత్త ఏరాం, టిఫినయ్యాక రెండు బస్తాలు తయారుచేశాం. నికరంగా ఒక బస్తా మిగులు. మా కోశాధికారి బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు, ఇది చూసి ఎంతో ముచ్చటపడ్డాడు. ఏ ప్రభుత్వమూ మిగులు బడ్జెట్‌లో లేని రోజుల్లో మనం ఉన్నామన్నాడు.

అరటాకుల్లో పెడదామని ఒక పెద్దావిడ సలహా ఇచ్చింది. రావులపాలెం అరటి మార్కెట్ పక్కనే ఉన్నట్టు లెక్క, ఈ సీమలో ఆకులకి కరువేమిటి అంది. చర్చ జరిగింది. అరటాకు మీద కమిటీ పేరు ప్రింటవదని తేలింది. కాగితం పళ్ళేలతో సరిపెట్టుకున్నాం. వాటి లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుందట. కంటికి కనపడదు కాబట్టి దాని వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు.

చట్టం అంటే మాకు చాలా గౌరవం. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సామాన్లు కొన్నింటిని దేశమంతా నిషేధించారు. స్ట్రాలు, చెంచాలు, పళ్ళేలు, చెవిపుల్లలు, అలంకరణకి వాడే థర్మోకోలు, వాటితో పాటు 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు. ఈ ఆఖరి మాట చదివి కమిటీలో కలకలం రేగింది. ఫ్లెక్సీ లేకుండా పర్యావరణాన్ని ఎలా కాపాడతాం? అత్యవసర సమావేశం పెట్టి ప్రింటింగ్ షాపతన్ని పిలిపించాం. ఆయన తొణక్కుండా, "ఎంత మందం కావాలంటే అంత మందం వేస్తానండి" అన్నాడు. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

సంచుల సంగతీ అంతే. చేతిసంచి మందం 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లకి తగ్గకూడదన్నారు, 2022 డిసెంబరు 31 నుంచి 120కి తగ్గకూడదన్నారు. ఇప్పుడు కాలవలో దొరికే కొత్త సంచుల్ని చూస్తే ముచ్చటేస్తుంది. పాతవి పట్టుకోగానే పీలికలైపోయేవి. ఇవి అలాక్కాదు, మనవల దాకా వస్తాయి.

మా కమిటీ విజయానికి అసలు మూలం మాత్రం పంచాంగంలో ఉంది. దాళ్వా, అంటే రెండో పంట, కోతలవగానే, ఏప్రిల్ మే నెలల్లో కాలవలు కట్టేస్తారు. అప్పుడు నీళ్ళు దిగిపోయి అడుగు బయటపడుతుంది. ఏడాది పొడుగునా ఊరు చేసిన పాపాలన్నీ వరసగా కనిపిస్తాయి. చిరిగిన పరుపులు, డైపర్లు, మందుసీసాలు, పసుపు కుంకుమలతో సహా దేవుడి పటాలు. పోలిపాడ్యమికి అరటి దొప్పల బదులు థర్మోకోలు పళ్ళెంలో దీపం పెట్టి స్వర్గానికి పంపిన పోలి కూడా అక్కడే, బురదలో ఇరుక్కుని ఉంటుంది. మోకాలి లోతు నీళ్ళయినా ఉండవు. పారా, బుట్ట పట్టుకుని దిగితే పది రోజుల్లో ఊరి కాలవంతా బాగుపడుతుంది. అందువల్ల ఆ రెండు నెలలూ మేం సెలవు తీసుకుంటాం. ఎండలండీ!

ఒక్క మే 15న మాత్రం గట్టుకి వస్తాం. కాటన్ దొర జయంతి. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలెట్టి 1852కల్లా పూర్తిచేయించి, ఈ సీమలో కూడు పండించిన మహానుభావుడు. ఆయన విగ్రహానికి ప్లాస్టిక్ పూలదండ వేస్తాం. వాడిపోదు కాబట్టి మళ్ళీ మే దాకా మార్చక్కర్లేదు. దండేసి, ఎండిన కాలవ వైపు వీపు పెట్టి నీటి విలువ మీద మాట్లాడతాం. ఆయన మాత్రం ఎదురుగా కాలవనే చూస్తూ ఉంటాడు. రాతి మనిషి కాబట్టి తట్టుకుంటున్నాడు.

జూన్‌లో నీళ్ళు వదులుతారు. ఆ పాపాలన్నీ ఒక్కసారిగా లేచి, తేలి, దిగువకి ప్రయాణం కడతాయి. సరిగ్గా ఆ అదనులోనే జూన్ 5, ప్రపంచ పర్యావరణ దినోత్సవం. మా గట్టున కాలవ తళతళలాడుతూ ఉంటుంది, మేం ఫొటో దిగుతాం. దిగువ ఊళ్ళో మాలాంటిదే ఇంకో కమిటీ ఉంది. మా జూన్ చెత్తే వాళ్ళ జులై కార్యక్రమం. ఎగువ ఊరి వాళ్ళు మాకు పంపుతారు, మేం వీళ్ళకి పంపుతాం. ఇచ్చిపుచ్చుకోవడాలు లేకపోతే ఊళ్ళ మధ్య బంధుత్వాలు ఎలా నిలుస్తాయి? చివరికి అంతా ఏదో డ్రెయిన్‌లో పడి సముద్రానికి చేరుతుంది. సముద్రంలో ఇంకా కమిటీ పడలేదు.

మొక్కల కార్యక్రమం గురించి ఎక్కువ చెప్పను. కడియం నర్సరీ నుంచి మొక్క వస్తుంది, గొయ్యి ఎప్పుడూ ఉన్నదే. గొయ్యికి సున్నం కూడా వేయించాం. గట్టు మీద మేకలకి మా షెడ్యూలు మాకంటే బాగా తెలుసు.

టీ షర్టులిచ్చిన దాత గురించి మాత్రం చెప్పకపోతే కృతఘ్నుణ్ణవుతాను. టైగర్ రొయ్య రోజుల నుంచీ ఆయనకి చెరువులున్నాయి, ఇప్పుడు వనామీ వేస్తున్నారు. పట్టుబడి అయ్యాక చెరువు నీళ్ళు ఎక్కడికి వదులుతారని ఆ కొత్త కుర్రాడే ఓ సమావేశంలో అడిగాడు. రాత్రిపూట డ్రెయిన్‌లోకి అని అందరికీ తెలుసు. అధ్యక్షులవారు నెమ్మదిగా వివరించారు. మన కమిటీ పరిధి పొద్దున్న ఆరున్నర నుంచి ఎనిమిది దాకా బాబూ, రాత్రిపూట జరిగేవి మన దృష్టికి రావు.

ఇంత పకడ్బందీగా నడుస్తున్న వ్యవస్థకి ఈమధ్య ఒక జూన్ 5న పెద్ద గండం వచ్చింది. చెత్త లేదు.

ముఖ్య అతిథి ఏడున్నరకి వస్తామన్నారు. ఫ్లెక్సీ కట్టాం, చేతితొడుగులు పంచాం, గట్టు దిగి చూస్తే ఇరవై గజాలూ నున్నగా ఉంది. కాలవ మీద గుర్రపుడెక్క ఆకైనా లేదు. గుర్రపుడెక్క అంటే మామూలు మొక్క కాదు. దక్షిణ అమెరికా నుంచి ఊదాపూలతో వచ్చి, రెండు వారాల్లో రెట్టింపవుతుంది. మా కమిటీ సభ్యత్వం ఇన్నేళ్ళలో నలభై నుంచి ముప్ఫయ్యెనిమిదికి వచ్చింది. అలాంటి మొక్క రాత్రికి రాత్రి మాయమైతే మాకు టెన్షన్ రాదా?

లాకు పక్కన లస్కరు కనిపించాడు. లస్కరంటే ఈ తరానికి తెలియకపోవచ్చు. గట్లు, తూములు, లాకు తలుపులు చూసుకునే మనిషి. మొలలోతు తడిసి, వెదురు గడకి కట్టిన ఇనప కొక్కెం భుజాన పెట్టుకుని, బీడీ ముట్టించుకుంటున్నాడు. ఆయన వెనక గట్టు మీద మా చెత్తంతా నిలువెత్తు గుట్టగా పడి ఉంది.

"ఏవయ్యా, ఎవరు తియ్యమన్నారు?" అన్నారు అధ్యక్షులవారు.

"ఎవరూ అన్లేదండి. తలుపుల దగ్గర అడ్డం పడిపోయి నీళ్ళు కదల్లేదండి. మూడింటికి దిగేనండి."

"ఒక్కపూట ఆగలేకపోయావా? పెద్దాయన వస్తున్నారు."

లస్కరు మా తెల్ల టీ షర్టుల వైపు చూశాడు. గుట్ట వైపు చూశాడు. బీడీ ఆర్పేశాడు. "మళ్ళీ దింపెయ్యమంటారా అండి?"

కమిటీ ఏకగ్రీవంగా తలూపింది.

"ఆయ్, అలాగేనండి. గట్టెక్కించడానికి నాలుగు గంటలు పట్టిందండి. దింపడం ఎంతసేపండి!"

నిజంగానే పావుగంట పట్టలేదు. కొక్కెంతో గుట్టని కాలవలోకి లాగుతుంటే, మధ్యలోంచి పొడుగాటి చాప చుట్టలాంటిది ఒకటి దొర్లి మా కాళ్ళ దగ్గర పడింది. విప్పి చూస్తే నిరుటి మా ఫ్లెక్సీ. "ప్లాస్టిక్ వద్దు, కాలవ ముద్దు" అని వేయించాం. మధ్య ముక్క చినిగిపోయి "ప్లాస్టిక్ ముద్దు" అని మిగిలింది. అధ్యక్షులవారి ముక్కు చోట చిల్లు పడింది. నేను మాత్రం మీసాలతో సహా చెక్కుచెదర్లేదు, నుదుటి మీద ఒక నత్త ఉంది, అంతే. ఏడాది పాటు నీళ్ళలో నానినా రంగు పోలేదు. ప్రింటింగ్ షాపతన్ని ఈ సందర్భంగా అభినందించాలి.

కడిగి, ఏడాది అంకె మారిస్తే మళ్ళీ వాడుకోవచ్చు కదా, పునర్వినియోగం అవుతుంది అన్నాడు కోశాధికారి. మంచి ఆలోచనే గానీ, అందులో నిరుటి ముఖ్య అతిథి ఫొటో ఉంది. ఈ ఏటి అతిథికి ఆయన్ని చూస్తే పడదు. ఏం చేయాలా అని తర్జనభర్జన పడుతుంటే లస్కరు గొంతు సవరించుకున్నాడు. "గేదెల పాక కురుస్తోందండి. మీకు పనికిరాదంటే పట్టుకెళ్తానండి."

ఇచ్చేశాం. దాన్ని వార్షిక నివేదికలో పునర్వినియోగం కిందే రాశాను.

అతిథి తొమ్మిదింటికి వచ్చారు. తొడుగులు వేసుకుని ఒక గుర్రపుడెక్క మొక్కని వేళ్ళతో సహా పైకెత్తి, కెమెరా వైపు చూసి, మళ్ళీ జాగ్రత్తగా నీళ్ళలో పెట్టేశారు. టిఫిను బాగుందన్నారు. మేం జెండాలు దించి బయల్దేరేటప్పటికి లస్కరు గడ పట్టుకుని మళ్ళీ కాలవలోకి దిగుతున్నాడు. ఈసారి గుట్టలో మా సీసాలు కూడా కలిశాయి కాబట్టి బహుశా అయిదు గంటలు పట్టి ఉంటుంది.

పదిహేను రోజుల తరవాత వానలో అటు వెళ్తూ, పాక కురవడం ఆగిందా అని అడిగాను.

"చుక్క పడట్లేదండి. మీ బొమ్మలు ఎండకి వెలిసిపోకుండా లోపలి వైపుకి పెట్టేనండి."

వంగి పాకలోకి చూశాను. కప్పు నుంచి ముప్ఫయ్యెనిమిది మందిమీ నమస్కారం పెడుతూ కిందికి చూస్తున్నాం. కింద గేదె నెమరేసుకుంటోంది.

"బెదరలేదా మరి?" అన్నాను.

"మొదట రెండ్రోజులు పాలు చేపలేదండి," అన్నాడు. "ఇప్పుడు అలవాటైపోయిందండి."