పది అంకెల ప్రవేశ పరీక్ష

ఆన్‌లైన్ ట్యూషన్ యాప్‌లలో పిల్లలను చేర్చుకునే పద్ధతిని తీర్చిదిద్దిన డిజైనర్లకు దక్కవలసిన గౌరవం ఇంతవరకు దక్కలేదు. మామూలు బడిలో చేర్పించాలంటే నేటికీ పుట్టిన తేదీ పత్రం, టీసీ, ఆధార్ నకలు, ఫొటోలు పట్టుకుని హెడ్మాస్టరు గది ముందు నిలబడాలి. యాప్‌లో తండ్రి ఫోన్ నంబరు పది అంకెలు, దానికి వచ్చే ఓటీపీ ఉంటే చాలు. పిల్లవాడికి ఏ పాఠం అర్థం కావడం లేదు, ఎక్కడ ఆగిపోయాడు వంటి ప్రశ్నలు అక్కడ కనిపించవు. అవి అడిగితే తల్లిదండ్రులు ఆలోచనలో పడతారు, ఆలోచనలో పడ్డవారు నింపడం ఆపేసి వెళ్లిపోతారు. కాబట్టి వాటిని తొలగించడం పూర్తిగా శాస్త్రీయమని ఒప్పుకోవాలి.

అయితే లక్ష్యం మాత్రం తప్పకుండా అడుగుతారు. మూడో తరగతి అని నొక్కగానే ఐఐటీనా, నీటా అన్న ప్రశ్న ప్రత్యక్షమవుతుంది. ‘ఇంకా తెలియదు’ అనే గడి ఉండదు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని బోర్డులు వేలాడే మన ఊళ్లలో ఎనిమిదేళ్లు నిండినా ఏమవుతాడో తేల్చుకోని పిల్లవాడిని ఏ గడిలో పెడతారు?

ఓటీపీ కొట్టిన ఫోన్ జేబులోకి చేరకముందే కౌన్సెలర్ గారి పిలుపు వస్తుంది. ఇలాంటి కాల్స్ వద్దని 1909 నంబరుకు చెప్పి నమోదు చేసుకున్నవారికీ వస్తుంది, ఎందుకంటే ‘నన్ను సంప్రదించవచ్చు’ అన్న గడిలో టిక్కు ముందే పెట్టి ఉంటుంది, మనకు ఆ శ్రమ కూడా ఉండకూడదని. ‘సార్, ఉచిత డెమో క్లాసుకు బాబుతో పాటు మీరూ, మేడమ్ గారూ ఇద్దరూ తప్పకుండా కూర్చోవాలండి’ అని ఆయన ఎంతో మర్యాదగా షరతు పెడతారు. కుటుంబ విలువల పట్ల ఇంతటి నిబద్ధత బళ్లలో జరిగే తల్లిదండ్రుల సమావేశాల్లో కూడా కనిపించదు. దీని వెనుక మన సంసారాలను లోతుగా చదివిన అనుభవం ఉంది. తరతరాలుగా తెలుగు మగవాడు ఏ అమ్మకందారు నుంచైనా తప్పించుకున్నది ‘మా ఆవిడను అడిగి చెప్తానండి’ అన్న ఒక్క మాటతోనే. ఆవిడను కూడా పక్కనే కూర్చోబెట్టాక ఆ తలుపు మూసుకుపోతుంది, మిగిలేది వాయిదాల పత్రం మీద సంతకమే.

తొందరపెట్టే గడియారం గురించి కూడా ఒక మాట చెప్పాలి. ‘ఈ బ్యాచ్‌లో 3 సీట్లే మిగిలాయి’ అని ఎర్ర అక్షరాలు మెరుస్తుంటాయి. ఎప్పుడో రికార్డు చేసిన వీడియోకు సీట్లు ఎలా నిండుతాయని అడిగేవారికి విద్య విలువ తెలియదు. వెనక్కు తగ్గదలచినవారి కోసం బూడిద రంగులో, కళ్లజోడు పెట్టుకుంటే తప్ప కనపడనంత సన్నగా ‘వద్దు, మా బిడ్డ వెనకబడినా ఫరవాలేదు’ అన్న వాక్యం ఉంటుంది. దాన్ని నొక్కగల గుండె ధైర్యం ఏ తల్లికి ఉంటుంది?

ఈ కళను గుర్తించవలసిన ప్రభుత్వమే దానికి అడ్డు తగలడం విచారకరం. ఖాతాలోంచి డబ్బు దానంతటదే కోతపడే ఆటో డెబిట్ జోలికి పోవద్దని కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులోనే తల్లిదండ్రులను హెచ్చరించింది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను, అంటే వినియోగదారులను మాయచేసి ఒప్పించే డిజైన్ ఎత్తుగడలను, నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. లేని తొందర పుట్టించడం, కాదన్నవారిని సిగ్గుపడేలా చేయడం, చేరడం తేలిక, మానడం కష్టం చేసే చందా ఉచ్చు, విసిగించడం అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. అదే జాబితాను పాఠ్యప్రణాళికగా తీసుకుని ఒక్క ఫారంలో సగం పాఠాలు పూర్తి చేయగలిగిన మన డిజైనర్ల ప్రతిభ ఎవరికీ పట్టలేదు. పైగా అదే ఏడాది వచ్చిన డిజిటల్ డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారి వివరాలు వాడుకోవాలంటే తల్లి లేదా తండ్రి సమ్మతిని నిర్ధారించుకోవాలంటోంది. దీనికీ పరిష్కారం సిద్ధంగానే ఉంది: ‘నేను తండ్రిని’ అని ఒక బటన్. చాలా ఇళ్లలో నాన్న ఫోనులో ఓటీపీ చదివి కొట్టేది పిల్లవాడే కాబట్టి తండ్రి సమ్మతిని కుమారుడే ధ్రువీకరిస్తాడు.

నిష్క్రమణ విషయంలో నాకు పెద్దగా అభ్యంతరం లేదు. చేరడానికి ఒక ఓటీపీ, మానడానికి ఒక ఈమెయిలు, దానికి జవాబు రాకపోతే మరొకటి, ఆపైన పని వేళల్లో మాత్రమే దొరికే ఒక ఫోన్ నంబరు. డబ్బు కోతకు 24 గంటల ముందు తెలియజేయాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం సందేశం కూడా వస్తుంది, పండుగ ఆఫర్ల సందేశాల మధ్య క్షేమంగా ఉంటుంది.

సవరణ అంటూ చేయాలంటే ఒక్కటి సూచిస్తాను. ఈ మొత్తం తంతులో ఎవరూ పలకరించని వ్యక్తి విద్యార్థి ఒక్కడే కాబట్టి, చివర్లో అతని కోసం ఒక పేజీ పెట్టి ‘నీకు ఏం రాదు?’ అని అడగవచ్చు. చిక్కల్లా అతను నిజం రాస్తేనే. ‘భిన్నాల కూడిక’ అని రాశాడనుకోండి, ఏ ప్యాకేజీ అమ్ముతారు? పది రోజులు భిన్నాలు చెప్పి ఇంటికి పంపేది వారి దగ్గర లేదు, అన్నిటికంటే చిన్నది రెండేళ్ల ఫౌండేషన్ కోర్సు. ఆ పేజీని తర్వాతి వెర్షన్‌కు వాయిదా వేయాలని నేనే సిఫారసు చేస్తున్నాను.