రోబో దారి తప్పాక మొదలయ్యే పాఠం

పన్నెండేళ్ల పిల్లలకు ఒక చిన్న చక్రాల రోబో ఇచ్చి, నేల మీద సమబాహు త్రిభుజం గీయించమంటే చాలామంది రాసే ప్రోగ్రామ్ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఒక మీటరు ముందుకు వెళ్లు, 60 డిగ్రీలు తిరుగు, ఇలా 3 సార్లు చెయ్యి. సమబాహు త్రిభుజంలో ఒక్కో కోణం 60 డిగ్రీలని లెక్కల పుస్తకంలో చదివారు కదా, అందుకే ఎవరికీ అనుమానం రాదు. బటన్ నొక్కుతారు. రోబో ఒక గీత గీసి కొంచెం తిరుగుతుంది, రెండో గీత గీసి మళ్లీ కొంచెం తిరుగుతుంది, మూడో గీత కూడా పూర్తి చేస్తుంది. కానీ బయల్దేరిన చోటికి చేరదు. అక్కడికి సరిగ్గా 2 మీటర్ల దూరంలో ఆగిపోతుంది. నేల మీద కనిపించేది సగం షడ్భుజి.

తర్వాతి పది నిమిషాల్లో తరగతిలో ఏం జరుగుతుందన్నదే అసలు విషయం. టైమ్ అయిపోతోందన్న టెన్షన్‌లో టీచర్ "60 తీసేసి 120 పెట్టండి" అని చెప్పేస్తే బొమ్మ వచ్చేస్తుంది, పిల్లలు చప్పట్లు కొడతారు, నేర్చుకున్నది మాత్రం దాదాపు ఏమీ ఉండదు. అలా కాకుండా ఒక పిల్లతో "నువ్వే రోబో అనుకుని నడిచి చూడు" అంటే, ఆ పిల్ల మొదటి మూల దాకా నడిచి ఆగుతుంది. తన ముఖం ఇంకా నేరుగా ముందుకే ఉంది. రెండో భుజం వైపు తిరగాలంటే ఎంత తిరగాలో ఒళ్లే చెబుతుంది. పుస్తకంలోని 60 లోపలి కోణం, తను తిరగాల్సింది బయటి కోణం, అంటే 180లోంచి 60 తీసేస్తే వచ్చే 120. అక్కడితో కూడా ఆగక్కర్లేదు. త్రిభుజానికి 3 సార్లు 120, చతురస్రానికి 4 సార్లు 90, షడ్భుజికి 6 సార్లు 60. ఇలాంటి ఏ బొమ్మైనా చుట్టి ఇంటికి రావాలంటే మొత్తం 360 డిగ్రీలు తిరగాలని పిల్లలు తమంతట తాము కనిపెడతారు. ఇక ఎన్ని భుజాల బొమ్మకైనా ఒకే ప్రోగ్రామ్ సరిపోతుంది.

కంప్యుటేషనల్ థింకింగ్ అంటే ఇదే. పెద్ద పనిని చిన్న పనులుగా విడగొట్టడం, వాటిలో మళ్లీ మళ్లీ వచ్చేదాన్ని పట్టుకోవడం, అనవసరమైన వివరాలు వదిలేయడం, ఎవరు చేసినా ఒకే ఫలితం వచ్చేలా మెట్టు మెట్టుగా రాయడం, తప్పు వస్తే ఎక్కడ వచ్చిందో వెతకడం. 2006లో కంప్యూటర్ శాస్త్రవేత్త జెనెట్ వింగ్ రాసిన చిన్న వ్యాసంతో ఈ మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. ఆలోచన మాత్రం అంతకంటే చాలా పాతది. 1967లో వాలీ ఫ్యూర్జెగ్, సేమూర్ పాపర్ట్, సింథియా సోలమన్ తదితరులు పిల్లల కోసమే లోగో అనే ప్రోగ్రామింగ్ భాష తయారు చేశారు. కొద్ది ఏళ్లకే దాంతో నేల మీద పాకే ఒక యంత్రాన్ని నడిపించారు. దానికి తాబేలు అని పేరు. తాబేలు తిరిగినట్టు మనమూ తిరిగి చూడటం పాపర్ట్ పట్టుబట్టి చెప్పిన పద్ధతే. అంతకు ముందు ఆయన జెనీవాలో పిల్లల మనస్తత్వాన్ని అధ్యయనం చేసిన జీన్ పియాజే దగ్గర పనిచేశారు. పిల్లలు వస్తువులతో ఆడుతూ జ్ఞానాన్ని తమకు తామే కట్టుకుంటారన్న నమ్మకం అక్కడే గట్టిపడింది.

అయితే ఈ పని కంప్యూటర్ తెర మీద కూడా చెయ్యొచ్చు కదా, అంత ఖర్చు పెట్టి రోబో ఎందుకు? న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఒకటే. తెర మీది తాబేలు చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. నేల మీది రోబో అలా చెయ్యదు.

ఒక సెకను పాటు మోటార్ తిప్పితే 90 డిగ్రీలు తిరుగుతుందని పొద్దున పిల్లలు కొలిచి పెట్టుకుంటారు. మధ్యాహ్నానికి బ్యాటరీ కొంత దిగుతుంది, అదే సెకనులో 88 డిగ్రీలే తిరుగుతుంది. రెండు డిగ్రీలే కదా అనిపిస్తుంది. కానీ నాలుగు మూలలు తిరిగేసరికి తేడా 8 డిగ్రీలవుతుంది, చతురస్రం కలవదు. ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం మారలేదు. మరి తప్పు ఎక్కడ? కాలాన్ని బట్టి కాకుండా చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి నడిపిద్దామని ఎవరో ఒకరు అంటారు. చక్రం అడ్డుకొలత 5.6 సెంటీమీటర్లయితే ఒక చుట్టుకు దాదాపు 17.6 సెంటీమీటర్లు వెళ్తుంది, కాబట్టి మీటరు వెళ్లడానికి సుమారు 5.7 చుట్లు కావాలి. లెక్కల్లోని π (పై) విలువ పరీక్ష పేపర్ దాటి పనికొచ్చే చోటు ఇది. నున్నటి నేల మీద చక్రం జారితే ఈ లెక్క కూడా తప్పుతుంది, అప్పుడు మళ్లీ వెతుకులాట.

నల్ల గీత వెంట నడిచే రోబో ఇంకా మంచి ఉదాహరణ. రోబోకు గీత కనిపిస్తుందని పిల్లలు అనుకుంటారు. నిజానికి దానికి అందేది ఒక అంకె మాత్రమే, కింద నేల నుంచి ఎంత వెలుతురు తిరిగొచ్చిందో చెప్పే అంకె. నలుపు మీద 20, తెలుపు మీద 80 వస్తే మధ్యలో 50 పెట్టుకుని, తగ్గితే ఒక వైపు, పెరిగితే రెండో వైపు తిరగమంటారు. ఇలా రాస్తే రోబో గీతను కాకుండా గీత అంచును పట్టుకుని నడుస్తోందని కాసేపటికి తెలుస్తుంది. ఆ మెలకువ వచ్చినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి. కిటికీ పక్క ఎండ పడే చోటికి వెళ్లగానే అంకెలన్నీ మారిపోయి రోబో దారి తప్పుతుంది. 50 అన్నది తాము ఒక చోట కొలిచి పెట్టుకున్న అంకె అనీ, వెలుతురు మారితే అదీ మారాలనీ అప్పుడు అర్థమవుతుంది. ఈ పాఠం ఏ పుస్తకమూ ఇంత గట్టిగా చెప్పలేదు.

ఇక్కడ ఒక చేదు నిజాన్ని కూడా ఒప్పుకోవాలి. లోగో మీద ఆశలు జోరుగా ఉన్న రోజుల్లో, 1984లో, రాయ్ పీ, మిడియన్ కర్లాండ్ అనే పరిశోధకులు ఒక పరిశీలన ప్రచురించారు. దాదాపు ఏడాది లోగో నేర్చుకున్న పిల్లలకు తరగతి గదిలోని పనులను ఏ వరసలో చేస్తే తక్కువ తిరుగుడుతో అయిపోతాయో ప్లాన్ వెయ్యమని ఇచ్చారు. లోగో నేర్చుకోని పిల్లల కంటే వాళ్లు మెరుగ్గా ఏమీ చెయ్యలేదు. ప్రోగ్రామింగ్ నేర్పితే చాలు, ఆలోచన దానంతటదే పదునెక్కుతుందన్న నమ్మకానికి అది గట్టి దెబ్బ.

కానీ కథ అక్కడ ఆగలేదు. 1988లో డేవిడ్ క్లార్, షారన్ కార్వర్ అనే పరిశోధకులు ఇంకో దారిలో వెళ్లారు. తప్పు వెతకడాన్నే విడిగా ఒక పాఠంగా పెట్టారు. రావలసింది ఏమిటి, వచ్చింది ఏమిటి, ఆ తేడాకు ఎలాంటి తప్పు కారణం కావచ్చు, ప్రోగ్రామ్‌లో అది ఏ భాగంలో ఉండవచ్చు అని వరసగా అడగడం నేర్పారు. ఆ పిల్లలు తర్వాత కంప్యూటర్‌తో సంబంధం లేని, కాగితం మీద రాసిన సూచనల్లోని తప్పులను కూడా ముందుకంటే బాగా పట్టుకోగలిగారు. ఈ రెండు పరిశీలనలను పక్కపక్కన పెట్టి చూస్తే, రోబోటిక్స్ క్లాసులో దేనికి టైమ్ ఇవ్వాలో నాకు స్పష్టంగా కనిపిస్తుంది.

చాలా స్కూళ్లలో టైమ్ అంతా వేరే చోట పోతోంది. కిట్ పెట్టె తెరిచి, బొమ్మల పుస్తకం చూస్తూ ముక్కలు బిగించడానికే సగం పీరియడ్లు అయిపోతాయి. ఆరుగురికి ఒక రోబో ఇస్తే ల్యాప్‌టాప్ పట్టుకున్న ఒక్కరే ఆలోచిస్తారు, మిగతావాళ్లు చూస్తారు. ఆ ఒక్కరూ చాలాసార్లు అబ్బాయే కావడం నాకు బాధ కలిగించే విషయం. పోటీలు వస్తే రోబో ఆగకుండా నడవాలి కాబట్టి తప్పులన్నీ పెద్దవాళ్లే ముందు సర్దేస్తారు. పిల్లల చేతుల్లోంచి పాఠాన్ని లాగేసుకోవడమే ఇది.

కంపెనీ పేరు మీద పాఠం కట్టడం కూడా మంచిది కాదు. 1998లో వచ్చిన లెగో మైండ్‌స్టార్మ్స్ రోబో కిట్ ఎన్నో తరగతి గదుల్లో రోబోటిక్స్‌కు మారుపేరైంది, ఆ శ్రేణిని ఆపేస్తున్నట్టు 2022లో కంపెనీ ప్రకటించింది. బ్రిటన్‌లో 2016లో లక్షల మంది విద్యార్థులకు ఉచితంగా ఇచ్చిన బీబీసీ మైక్రోబిట్ లాంటి చిన్న కంప్యూటర్ బోర్డుతో, రెండు మోటార్లతో కూడా ఇదే పని అవుతుంది. అదీ లేకపోతే ఒకరు రోబోలా నడుస్తూ, ఇంకొకరు రాసిన సూచనలను అక్షరం పొల్లుపోకుండా పాటించినా సగం పాఠం నడుస్తుంది.

కొనడం కంటే కష్టమైనది టీచర్‌కు ధైర్యం ఇవ్వడం. రోబో ఎందుకు పక్కకు పోతోందో చాలాసార్లు టీచర్‌కు కూడా వెంటనే తెలియదు. "నాకూ తెలియదు, కొలిచి చూద్దాం" అని పిల్లల ముందు అనగలిగే అలవాటు శిక్షణలోనే రావాలి. మిషన్ నడపడం రెండు రోజుల్లో నేర్పొచ్చు, దీనికి ఇంకా టైమ్ పడుతుంది.

మార్కులు కూడా దీన్ని బట్టే మారాలి. ప్రతి జట్టుకూ ఒక నోట్‌బుక్ ఉండాలి. బటన్ నొక్కే ముందు రోబో ఏం చేస్తుందనుకుంటున్నారో రాయాలి, నొక్కాక ఏం చేసిందో రాయాలి, తేడాకు కారణం ఏమనుకున్నారో, దాన్ని ఎలా పరీక్షించారో రాయాలి. ఒకసారికి ఒక్క అంకె మాత్రమే మార్చాలి. రాసేవాళ్లు, నడిపేవాళ్లు, కొలిచేవాళ్లు ప్రతి పీరియడ్‌కూ మారాలి. ఏడాది చివర రోబో సరిగ్గా త్రిభుజం గీసిందా లేదా అని చూడకుండా, ఆ నోట్‌బుక్‌లోంచి ఒక పేజీ తెరిచి "ఇక్కడ 60 అని ఎందుకు రాశావు, తర్వాత ఎందుకు మార్చావు" అని అడగాలి.