కులం ఆరా తీస్తే కబుర్లు, వద్దంటే రాజకీయాలా?

"ఆఫీసులో రాజకీయాలు ఎందుకండీ, పని చూసుకుందాం" అంటారు. పార్టీల గొడవలకైతే నేనూ అదే అంటాను. 2023 సెప్టెంబరులో చంద్రబాబు అరెస్టయ్యాక హైదరాబాద్ విప్రో సర్కిల్ దగ్గర ఐటీ ఉద్యోగులు రోడ్డెక్కారు. ఆ వేడి టీమ్ వాట్సాప్ గ్రూపులోకి పాకితే రోజూ టీమంతా కలిసే స్టాండప్ కాల్‌లో కూడా ఎడమొహం పెడమొహమే. పార్టీ జెండా గేటు బయటే ఉండాలి, ఒప్పుకుంటాను.

కులం సంగతి వేరు. కొత్తగా చేరిన కుర్రాణ్ణి లంచ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి కూపీ లాగుతారు. "ఇంటిపేరేంటి బాబూ? భీమవరమా? భీమవరంలో ఎటువైపు? నాన్నగారేం చేస్తారు?" అప్పటికీ తేలకపోతే నాన్‌వెజ్ తింటావా అని అడుగుతారు. ఆప్యాయంగా వీపు నిమిరినట్టు నిమిరి జంధ్యం ఉందో లేదో తడిమి చూసేవాళ్ళూ ఉన్నారు. తేలాక "మనోడే" అని భుజం తడతారు, కాకపోతే మాట మార్చేస్తారు. ఇదంతా సరదా కబుర్ల కింద చెల్లిపోతుంది. ఆ కుర్రాడు "ఎందుకు సార్ ఇవన్నీ?" అన్నాడా, ఆ క్షణం నుంచి వాడు ఆఫీసులో కులం తెచ్చినవాడు!

అమెరికా వెళ్ళినా ఇదే వరస. దళిత ఇంజినీరు ఒకాయన ఐఐటీలో రిజర్వేషన్ మీద చేరాడని పైఅధికారి తోటివాళ్ళకు చెప్పేశాడన్న ఆరోపణతో 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం సిస్కో అనే టెక్ కంపెనీ మీద కేసు వేసింది. సిస్కో ఒప్పుకోలేదు. ఆరోపణలు ఎదుర్కొన్న ఇద్దరు ఇంజినీర్ల మీద కేసును 2023లో ఆ విభాగమే వెనక్కి తీసుకుంది కూడా. ఆ కేసు సంగతి ఎలా ఉన్నా, వివక్ష గురించి నోరు విప్పడమే తప్పన్నట్టు మాట్లాడటం నాకు మింగుడుపడదు. 2022లో గూగుల్‌లో దళిత హక్కుల కార్యకర్త తేన్‌మొళి సౌందరరాజన్ కులం మీద మాట్లాడాల్సిన సభను, ఉద్యోగుల మధ్య చీలిక తెస్తోందంటూ రద్దు చేశారు. ఏర్పాటు చేసిన మేనేజరు ఉద్యోగమే వదిలేసింది.

పేరు పట్టి మనిషిని వేరుగా చూడటం మన దగ్గరే కాదు, ఎక్కడైనా అంతే. బేస్‌క్యాంప్ అనే అమెరికా సాఫ్ట్‌వేర్ కంపెనీలో కస్టమర్ల "తమాషా పేర్ల" జాబితా ఒకటి ఏళ్ళ తరబడి నడిచింది. దాని మీద ఉద్యోగుల ప్రశ్నలు ముదిరాక, 2021లో యాజమాన్యం కంపెనీ చాట్‌లో రాజకీయ చర్చలనే నిషేధించింది. ఉద్యోగుల్లో దాదాపు మూడోవంతు మంది వెళ్ళిపోయారు.

యాపిల్ తన నియమావళిలో, వివక్ష చూపకూడని అంశాల్లో కులాన్ని పేరుపెట్టి చేర్చింది. హైదరాబాద్ ఆఫీసుల్లోనూ అదే రావాలి. ఏటా అందరితో క్లిక్ చేయించే ఎథిక్స్ ట్రైనింగ్‌లో ఆ లంచ్ టేబుల్ ప్రశ్నలను, అడగకూడనివి ఇవీ అంటూ, ఉన్నవి ఉన్నట్టు పెట్టాలి. ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చునేవాళ్ళకు ఇంటిపేరు, ఊరు ఆరా తీయొద్దని రాతపూర్వకంగా చెప్పాలి. మీ హెచ్‌ఆర్‌కి ఈ వారమే మెయిల్ పెట్టండి.