కవరు మీద మూడు స్టాంపులు

వన్‌టౌన్‌లో మా పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే ట్రంకు పెట్టె అడుగున ఓ కవరు దొరికింది. అనకాపల్లి నుంచి మా చిన్నతాత తన అన్నకు రాసిన ఉత్తరం. అయిదో కాన్పట, మళ్లీ ఆడపిల్లేనట, తల్లీబిడ్డా క్షేమమట. కవరు మీద మూడు 5 పైసల స్టాంపులు, మూడూ కుటుంబ నియంత్రణవే. అంటించేటప్పుడు ఆయన వాటి వంక చూసి ఉంటాడని నేననుకోను.

కుటుంబ నియంత్రణ మీద తపాలా శాఖ 1966 డిసెంబరులో 15 పైసల స్మారక స్టాంపు వేసింది. స్మారక స్టాంపుల సంగతి తెలిసిందే, చాలావరకు ఆల్బమ్‌లలోకి పోతాయి. నా లెక్కలో అసలు పని చేసింది మరుసటి ఏడాది వచ్చిన ఈ 5 పైసలదే. రోజువారీ స్టాంపు కదా, ఆస్పత్రి లేని ఊళ్లకు కూడా పోస్ట్‌మాన్ సంచిలో చేరిపోయింది. గోడల మీద కుటుంబ నియంత్రణ గుర్తయిన ఎర్ర త్రికోణం, దాని పక్కన అమ్మ, నాన్న, బాబు, పాప మొహాలు. 1968 నుంచి కొట్లలో ప్రభుత్వం అమ్మించిన నిరోధ్ కండోమ్ కూడా ఒక్కోటి 5 పైసలే.

ఆ నాలుగు మొహాల్లో నాన్న కూడా ఉన్నాడన్నది మనం మర్చిపోయాం. 1976-77లో ఎమర్జెన్సీ వేళ, ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఎక్కువ మగవాళ్లకే, చాలాచోట్ల బలవంతంగా. 1977 ఎన్నికల్లో ఉత్తరాదిన కాంగ్రెస్ కొట్టుకుపోయింది. తర్వాత శాఖ పేరులో 'నియంత్రణ' పోయి 'సంక్షేమం' వచ్చింది. మగవాళ్ల జోలికి వెళ్లడానికి ఏ ప్రభుత్వానికీ ధైర్యం చాలలేదు, భారమంతా ఆడవాళ్ల మీద పడింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మందికి ఆపరేషన్ అయింది. మగవాళ్లకు చేసే వేసెక్టమీలు ఒక్క శాతం కూడా లేవు. వైజాగ్‌లో 'ఆపరేషన్ అయిపోయిందా?' అంటే, ఎవరికి అని ఎవరూ తిరిగి అడగరు.

ఇప్పుడు గాలి తిరిగింది. రాష్ట్రంలో సగటున ఒక్కో మహిళకు పిల్లలు 1.7కు తగ్గారు. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న 1994 నాటి నిబంధనను 2024 నవంబరులో శాసనసభ ఎత్తేసింది. జనాభా లెక్కన పంచితే లోక్‌సభ సీట్లు తగ్గుతాయన్న టెన్షన్ కూడా తోడై, ఎక్కువమందిని కనమంటున్నారు. నాయకుల భయం ఉత్తదేమీ కాదు. కాకపోతే కనాల్సినావిడ ఉద్యోగం, నిద్ర, నడుం నొప్పి ఈ లెక్కల్లో ఎక్కడా కనబడవు. నాకు చిరాకు అక్కడే.

ఆ ఉత్తరంలోని అయిదో పిల్ల మా అత్త. గాజువాకలో ఉంటుంది. ఇద్దరు పుట్టగానే ఇరవై మూడేళ్లకే ఆపరేషన్ చేయించారు. మొన్న కవరు తీసుకెళ్లి చూపించాను. స్టాంపుల గురించి ఏదో చెప్పబోతుంటే వినిపించుకోలేదు. ఉత్తరంలో 'మళ్లీ ఆడపిల్లే' అన్నచోట వేలు పెట్టి, "ఆ 'మళ్లీ' చూడు" అంది.